తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లినప్పుడు: బ్యాంకు శాఖలో రిస్కు సంస్కృతిని, ఉద్యోగుల నడవడికను చక్కదిద్దే విధానం

ఒక శాఖ తనిఖీకి వెళ్లినప్పుడు బంగారు రుణాల కౌంటరు పక్కన కుర్చీ వేసుకుని ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. నగల బీరువాకు రెండు తాళాలు ఉంటాయి. ఒక తాళంచెవి ఆఫీసరు దగ్గర, మరొకటి హెడ్ క్యాషియరు దగ్గర ఉండాలి. దీనినే మనం జాయింట్ కస్టడీ అంటాం. ఐదున్నర కాగానే ఆఫీసరు గారు పాపను ట్యూషన్ నుంచి తీసుకురావాలని లేచి, తన తాళంచెవిని క్యాషియరు గారి బల్ల మీద పెట్టి, "కొంచెం మీరే చూసుకోండి సార్" అని వెళ్లిపోయారు. క్యాషియరు గారు చాలా ఏళ్ల సర్వీసున్న నెమ్మదస్తుడు. ఆ రోజు ఒక్క ప్యాకెట్టు కూడా తేడా రాలేదు. మర్నాడు ఉదయం రిజిస్టరులో ఇద్దరి సంతకాలూ పద్ధతిగా ఉన్నాయి. ఆడిట్ నివేదికలో ఆ శాఖకు జాయింట్ కస్టడీ విషయంలో పూర్తి మార్కులు వచ్చి ఉండేవి.

ఆ ఇద్దరిలో ఎవరికీ తప్పు చేస్తున్నామన్న ఆలోచన లేదు. వద్దంటే "నామీద మీకు నమ్మకం లేదా" అన్నట్టు ఉంటుందేమోనన్న బెరుకు మాత్రమే ఉంది. మన శాఖల్లో నష్టం చాలాసార్లు దురాశతో కాక మొహమాటంతో మొదలవుతుందని నా అభిప్రాయం. మొహమాటం తెరిచి ఉంచిన తలుపులో నుంచే దురాశ ఆ తరువాత ఎప్పుడో లోపలికి వస్తుంది. అందువల్ల రిస్కు సంస్కృతి అనే పెద్ద మాటను శాఖ స్థాయిలో ఇలా అర్థం చేసుకుంటే పని సులువవుతుంది: నియమాన్ని పక్కన పెట్టమని తోటివారు అడిగినప్పుడు, ఇక్కడ పనిచేసే మనిషి సంబంధం చెడకుండా "కాదు" అనగలడా, అనలేడా? ఈ వ్యాసం శాఖా మేనేజర్ల కోసం, వారి పైన ప్రాంతీయ కార్యాలయాల్లో పనిచేసే అధికారుల కోసం రాసినది. సహకార బ్యాంకులకూ, బ్యాంకింగేతర ఆర్థిక సంస్థలకూ ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

ముందు చూడండి, తరువాత మాట్లాడండి

కొత్తగా బాధ్యత తీసుకున్న మేనేజరు మొదటి వారంలోనే అందరినీ కూర్చోబెట్టి నీతి నియమాల గురించి ప్రసంగించడం మన దగ్గర అలవాటు. దాని వల్ల ఉపయోగం తక్కువ, నష్టం ఎక్కువ. ప్రసంగం విన్న తరువాత అందరూ జాగ్రత్త పడతారు కాబట్టి అసలు పద్ధతి మీ కంటికి కనపడదు. కనీసం రెండు వారాలు ఏమీ అనకుండా గమనించండి. గమనించవలసినవి చాలా చిన్న విషయాలే.

పాసింగ్ ఎలా జరుగుతోందో చూడండి. ఒకరు ఎంట్రీ వేయాలి, మరొకరు వోచరు చూసి పాస్ చేయాలి అన్నది నియమం. పాస్ చేసే అధికారి వోచరును నిజంగా చేతిలోకి తీసుకుంటున్నారా, లేక టెల్లరు కేక వేయగానే స్క్రీను మీద మీట నొక్కుతున్నారా? రద్దీ వేళల్లో పాస్‌వర్డు చెప్పి "నువ్వే పాస్ చేసుకో అమ్మా" అంటున్నారా? సాయంత్రం లెక్కలు ముగించే డే ఎండ్ సమయంలో వోచర్ల కట్ట మీద ఒకేసారి వరుసగా సంతకాలు పడుతున్నాయా? ఎక్కడ జమ చేయాలో తేలని మొత్తాలను తాత్కాలికంగా ఉంచే సస్పెన్స్ ఖాతాలో నెలల తరబడి కదలని మొత్తాలు ఉన్నాయా? ఉంటే వాటి గురించి అడిగినప్పుడు ముగ్గురు ఉద్యోగులు మూడు వేర్వేరు జవాబులు చెబుతున్నారా? ఖాతాదారు సంతకం చేసి ఇచ్చిన ఖాళీ విత్‌డ్రాయల్ ఫారాలు ఎవరి సొరుగులోనైనా ఉన్నాయా? ఈ చివరిది దొరికితే అప్పటికప్పుడు చర్య తీసుకోవాలి. రెండు వారాల ఓపిక దానికి వర్తించదు. "ముసలాయన బ్యాంకుకు రాలేడు, అందుకే మా దగ్గర పెట్టి వెళ్లాడు" అన్న సంజాయిషీ ఎంత దయగా వినిపించినా సరే.

గమనించినవన్నీ ఒక పుస్తకంలో తేదీతో రాసుకోండి, పేర్లు మాత్రం రాయకండి. మీరు వెతుకుతున్నది శాఖకు పట్టిన అలవాట్లను. పేర్లు రాసిన పుస్తకం ఏదో ఒక రోజు ఎవరి కంటైనా పడుతుంది. ఆ తరువాత ఎవరూ మీ ముందు నోరు విప్పరు.

ఒకే కుర్చీలో ఏళ్ల తరబడి

ముంబైలోని బ్రాడీ హౌస్ శాఖలో పంజాబ్ నేషనల్ బ్యాంకుకు జరిగిన మోసం 2018 ఫిబ్రవరిలో బయటపడింది. మొదట వెల్లడైన మొత్తమే దాదాపు 11,400 కోట్ల రూపాయలు. లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్ అనే హామీ పత్రాలను సరైన పూచీ లేకుండా బ్యాంకుల మధ్య సందేశాలు పంపే స్విఫ్ట్ అనే వ్యవస్థ ద్వారా విదేశాల్లోని బ్యాంకులకు పంపారు. ఆ స్విఫ్ట్ వ్యవస్థ బ్యాంకు ఖాతాలన్నీ నడిచే కోర్ బ్యాంకింగ్ వ్యవస్థతో అనుసంధానమై లేకపోవడంతో ఈ బాధ్యతలు బ్యాంకు పుస్తకాల్లోకి ఎక్కలేదు. సాంకేతిక లోపం గురించి అందరూ రాశారు. నా దృష్టి మాత్రం ఎప్పుడూ మరో విషయం మీద ఆగుతుంది. ఆ పని చూసిన అధికారి 2010 నుంచి 2017లో పదవీ విరమణ చేసే వరకు అక్కడే ఉన్నాడు. ఆయన వెళ్లిపోయాక, 2018 జనవరిలో, అంతకు ముందు ఆ పత్రాలు పొందిన సంస్థలు మళ్లీ హామీ పత్రం కోసం వచ్చినప్పుడు, కొత్త సిబ్బంది మామూలుగా అడగవలసిన ప్రశ్నే అడిగారు: హామీ మొత్తానికి సమానంగా ముందే జమ చేయవలసిన నూటికి నూరు శాతం నగదు మార్జిను ఏదీ అని. "ఇదివరకు ఎప్పుడూ అడగలేదే" అని అవతలి వారు అనడంతో డొంక కదిలింది. అంతకాలం ఆడిట్‌లు పట్టుకోలేనిదాన్ని కొత్త మనిషి వేసిన మామూలు ప్రశ్న పట్టుకుంది.

కాబట్టి బదిలీలను, సెలవులను పరిపాలనా వ్యవహారంగా కాక రక్షణ ఏర్పాటుగా చూడండి. ఖజానా, స్విఫ్ట్, రుణాల మంజూరు వంటి సున్నితమైన పనులు చూసే ఉద్యోగులు ఏడాదికి ఒకసారి ముందస్తు సమాచారం లేకుండా, వరుసగా కనీసం 10 పనిదినాలు సెలవులో ఉండాలని రిజర్వు బ్యాంకు 2021 జులైలో బ్యాంకులకు చెప్పింది. ఆ పది రోజుల్లో వారికి వ్యవస్థలోకి ప్రవేశం ఉండకూడదు. కాగితం మీద ఇది అన్ని చోట్లా అమలవుతుంది. ఆచరణలో, సెలవులో ఉన్న మనిషికి రోజుకు నాలుగుసార్లు ఫోను చేసి "సార్, ఆ ఫైలు ఎక్కడుంది" అని అడుగుతుంటారు, ఆయన ఇంటి నుంచే అన్నీ చక్కబెడుతుంటాడు. అలా జరిగితే ఆ సెలవుకు అర్థం లేదు. సెలవు మొదలైన రోజే ఆ పనిని వేరే శాఖ నుంచి వచ్చిన మనిషికి అప్పగించి, ఆయనకు ఒకే ఒక సూచన ఇవ్వండి: అర్థం కాని ప్రతి ఎంట్రీనీ, అడగడానికి సిగ్గనిపించినా సరే, అడగమని.

సెలవు అసలే పెట్టని ఉద్యోగి గురించి ఒక మాట. మన దగ్గర అటువంటివారిని సన్మానిస్తాం. ఏడాది పొడవునా ఒక్కరోజు కూడా కుర్చీ వదలని మనిషి అంకితభావం ఉన్నవాడే కావచ్చు. అయినా ఆయన పనిని మరొకరు చూడటం అవసరమే. ఇది అనుమానం కాదని ముందే అందరికీ చెప్పి, మొదటి సెలవు మీతోనే మొదలుపెట్టండి.

టార్గెట్లను సరిచేయకుండా మనుషులను సరిచేయలేరు

ఆర్థిక వ్యవస్థల నిలకడను గమనించే అంతర్జాతీయ సంస్థ ఫైనాన్షియల్ స్టెబిలిటీ బోర్డు 2014లో పర్యవేక్షకుల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో రిస్కు సంస్కృతికి నాలుగు గుర్తులు చెప్పింది: పైవారి నడత, జవాబుదారీతనం, ఎదురు ప్రశ్న వేసే వాతావరణం, ప్రోత్సాహకాలు. జాబితాలో ప్రోత్సాహకాలు చివర ఉన్నాయి. నేను మాత్రం అక్కడి నుంచే మొదలుపెట్టమంటాను. ఎందుకంటే మేనేజరు నోటి మాట ఒకటి చెబుతూ, ప్రతి సాయంత్రం వాట్సాప్ గ్రూపులో వచ్చే టార్గెట్ల పట్టిక మరొకటి చెబుతుంటే, ఉద్యోగి పట్టికనే నమ్ముతాడు.

అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కొక్క ఖాతాదారుకు ఎనిమిది ఉత్పత్తులు అమ్మాలన్న లక్ష్యం పెట్టుకుంది. ఆ ఒత్తిడిలో ఉద్యోగులు ఖాతాదారులకు తెలియకుండా లక్షల సంఖ్యలో ఖాతాలు తెరిచారు. 2016 సెప్టెంబరులో నియంత్రణ సంస్థలు 18.5 కోట్ల డాలర్ల జరిమానా వేశాయి. అప్పటికే బ్యాంకు దాదాపు 5,300 మందిని ఉద్యోగాల నుంచి తీసివేసింది. అంతమంది ఒకే తప్పు చేశారంటే దాన్ని కొందరు చెడ్డవాళ్ల పనిగా చెప్పి తప్పించుకోవడం కుదరదు.

అంత దూరం వెళ్లనక్కరలేదు. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థల వ్యవహారం మనం కళ్లారా చూశాం. ఎన్ని రుణాలు ఇచ్చారు, ఎంత వసూలు చేశారు అన్నవే క్షేత్రస్థాయి సిబ్బందికి కొలబద్దలయ్యాయి. ఒకే మహిళకు నాలుగైదు సంస్థలు అప్పు ఇచ్చాయి. వాయిదా తప్పితే గ్రూపులోని తోటి మహిళల చేతనే ఒత్తిడి చేయించారు. ఆత్మహత్యల వార్తలు వచ్చిన తరువాత ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, వసూళ్లు కుప్పకూలాయి. ఆ తరువాత రిజర్వు బ్యాంకు నియమించిన మాలేగాం కమిటీ వచ్చింది, సూక్ష్మరుణ సంస్థలకు ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. 2022లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఒక కుటుంబం నెలవారీ ఆదాయంలో అప్పుల వాయిదాలన్నీ కలిపి 50 శాతం దాటకూడదు; ఉదయం 9 గంటలకు ముందు, సాయంత్రం 6 తరువాత సూక్ష్మరుణం వసూలు కోసం ఫోను చేయకూడదు. ఇంటింటికీ తిరిగిన ఆ కుర్రాళ్లలో చాలామంది చుట్టుపక్కల ఊళ్లవారే, తాము వసూలు చేసే కుటుంబాల వంటి కుటుంబాల నుంచి వచ్చినవారే. వారి చేత ఆ పని చేయించినది పట్టిక.

టార్గెట్లు పై నుంచి వస్తాయి, మేం ఏం చేయగలం అని శాఖా మేనేజర్లు అంటారు. అది చాలావరకు నిజమే. అయినా మీ చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. ఉదయం సమావేశంలో "నిన్న ఎన్ని బీమా పాలసీలు" అని అడగడం మానేసి, "నిన్న ఏ ఖాతాదారుకు ఏది వద్దని చెప్పాం" అని అడగండి. మొదటి వారం ఎవరూ జవాబు చెప్పరు. రెండో వారంలో ఎవరో ఒకరు, డిపాజిట్ చేయడానికి వచ్చిన విశ్రాంత ఉపాధ్యాయురాలికి పదేళ్లు ప్రీమియం కట్టే పాలసీ ఇవ్వలేదని చెబుతారు. ఆ మాటను అందరి ముందు మెచ్చుకోండి.

ప్రాంతీయ అధికారులు చేయగలిగినది ఇంకా ఎక్కువ. బీమా అమ్మకాల సంఖ్య పక్కనే రెండు అంకెలు కూడా పెట్టమని పట్టుబట్టండి. మొదటిది, పాలసీ అందిన తరువాత నచ్చకపోతే తిరిగి ఇచ్చేందుకు ఉండే 30 రోజుల ఫ్రీ లుక్ గడువులో వెనక్కి వచ్చిన పాలసీల సంఖ్య. రెండోది, 13వ నెలలో ప్రీమియం కట్టినవారి శాతం. రుణం మంజూరు చేస్తూ అంటగట్టిన పాలసీకి రెండో ఏడాది ఎవరూ డబ్బు కట్టరు. మార్చి నెలలో అమ్మకాల్లో మొదటి స్థానంలో ఉన్న శాఖ, మరుసటి ఏడాది ఏప్రిల్‌లో 13వ నెల లెక్కలో చివరి స్థానంలో ఉండటం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. షీల్డు మాత్రం అప్పటికే గోడకెక్కి ఉంటుంది.

పంట రుణాల విషయంలోనూ ఇదే. పాత అప్పును కాగితాల మీద చెల్లించినట్టు చూపి, అంతకంటే కొంత ఎక్కువ మొత్తంతో కొత్త అప్పు రాసే బుక్ అడ్జస్ట్‌మెంటు గురించి మన జిల్లాల్లో రైతుకూ తెలుసు, బ్యాంకుకూ తెలుసు. మొండి బాకీ సంఖ్య తక్కువగా కనిపించాలన్న ఒత్తిడి ఉన్నంత కాలం అది ఆగదు. మొండి బాకీని మొండి బాకీగా చూపించిన మేనేజరును సమీక్షా సమావేశంలో నిలబెట్టి కడిగేస్తే, వచ్చే త్రైమాసికంలో మీకు అందరూ శుభ్రమైన లెక్కలే పంపుతారు.

బంగారం కౌంటరు దగ్గర ఒక గంట

బంగారు రుణాల విషయాన్ని కొంచెం దగ్గరగా చూద్దాం. మన రెండు రాష్ట్రాల శాఖల్లో ఇది పెద్ద వ్యాపారం, మొహమాటం ఎక్కువగా పనిచేసేదీ ఇక్కడే. ఖాతాదారు గాజులు, గొలుసు ఇస్తాడు. నగల విలువ కట్టే అప్రైజరు గీటురాయి మీద గీసి చూస్తాడు, మొత్తం బరువు తూస్తాడు, రాళ్లకూ లక్కకూ కొంత తీసివేసి నికర బరువు రాస్తాడు. ఆ తీసివేత దగ్గరే అంతా ఉంది. తెలిసినవాడైతే లక్కకు తక్కువ తీస్తారు, తెలియని రైతుకు ఎక్కువ తీస్తారు. మొదటిది బ్యాంకుకు నష్టం, రెండోది ఖాతాదారుకు అన్యాయం. రెండూ నడవడికకు సంబంధించినవే.

2025 జూన్‌లో వచ్చిన రిజర్వు బ్యాంకు ఆదేశాలు నగల పరీక్ష ఖాతాదారు ఎదుటే జరగాలనీ, రాళ్ల వంటి తీసివేతలను వివరించి ధ్రువపత్రంలో రాయాలనీ అంటున్నాయి. సొంత ఖర్చుల కోసం తీసుకునే అప్పుల్లో, విలువలో ఎంత శాతం ఇవ్వవచ్చన్నదానికి 2.5 లక్షల వరకు 85, 5 లక్షల వరకు 80, ఆ పైన 75 అని పరిమితులు పెట్టాయి. అప్పు తీరిన తరువాత ఏడు పనిదినాలు దాటి నగలు ఆపితే, బ్యాంకు తప్పు వల్లనైతే, రోజుకు 5,000 రూపాయలు ఖాతాదారుకు చెల్లించాలి. ఈ అంకెలను గోడ మీద అంటించినంత మాత్రాన సరిపోదు. నెలకు ఒకసారి మీరే పది ప్యాకెట్లు ఎంచుకుని, వేరే ఊరి అప్రైజరును పిలిపించి మళ్లీ తూయించండి. ఏ పది అన్నది ఆ ఉదయం వరకు మీకే తెలియకూడదు, చీటీలు వేయండి. అప్రైజరుకు రుణం మంజూరైతేనే రుసుము వస్తుందన్న సంగతి మరవకండి: అతను కాదంటే అతనికే నష్టం. అతని బంధువుల పేర్లతో ఉన్న రుణాలను విడిగా చూడండి. గిల్టు నగల కేసుల్లో తీగ చాలాసార్లు అక్కడి నుంచే మొదలవుతుంది.

తాళంచెవుల సంగతికి తిరిగి వస్తే, ఆ ఆఫీసరు గారికి మెమో ఇచ్చి ఉంటే ఏం జరిగేది? ఆయన వారం రోజులు జాగ్రత్తగా ఉండి, ఆ తరువాత ఎవరూ చూడని వేళ మళ్లీ అదే చేసేవారు. పాపను తీసుకురావడం నిజమైన అవసరం. ఆయన మేనేజరుతో మాట్లాడి, బంగారం లావాదేవీలను నాలుగున్నరకే ఆపి, బీరువాను ఇద్దరూ కలిసి ఐదింటికల్లా మూసే పద్ధతి పెట్టుకున్నారు. చాలా నియమోల్లంఘనల వెనుక ఇటువంటి మామూలు ఇబ్బంది ఒకటి ఉంటుంది. దాన్ని తీర్చకుండా క్రమశిక్షణ గురించి మాట్లాడితే ఎవరి చెవికీ ఎక్కదు.

"కాదు" అనడానికి మాటలు సమకూర్చండి

మొహమాటానికి విరుగుడు ధైర్యం అని ఉపదేశించడం తేలిక. పాతికేళ్ల ప్రొబేషనరీ ఆఫీసరు యాభై ఏళ్ల సీనియరుకు ఎదురు చెప్పలేడు; ఇంట్లో అతన్ని పెంచిన తీరే అలా ఉంటుంది. అతనికి కావలసినది అనువైన మాట. "సార్, నా పాస్‌వర్డు ఇస్తే మేనేజరు గారు ఇద్దరినీ అడుగుతారు, వోచరు ఇవ్వండి, ఇప్పుడే చేసిపెడతాను" అన్న వాక్యంలో మర్యాద పోలేదు, నియమమూ పోలేదు. నెపం మేనేజరు మీద పడింది. ఆ నెపాన్ని మోయడమే మేనేజరు ఉద్యోగం. "నా పేరు చెప్పండి, నేను చెడ్డవాణ్ని అనిపించుకోవడానికి సిద్ధం" అని సిబ్బందికి బాహాటంగా చెప్పండి. సమావేశంలో అందరికంటే చిన్నవారి చేత ముందు మాట్లాడించండి. పెద్దవారు మాట్లాడిన తరువాత చిన్నవారికి మిగిలేది తల ఊపడమే.

దీనికి మీ నడతే మొదటి పరీక్ష. స్థానిక నాయకుడు ఫోను చేసినప్పుడు మీరు లోపలి గదిలో ఏం మాట్లాడారో బయట కూర్చున్న అటెండరుకు తెలుస్తుంది, సాయంత్రానికి శాఖ అంతటికీ తెలుస్తుంది.

ఉద్యోగుల అప్పుల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఆన్‌లైన్ ఆటల్లో, షేర్ల ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్ అనే రిస్కు ఎక్కువున్న వ్యాపారంలో) డబ్బు పోగొట్టుకున్న గుమాస్తా ముందు సహోద్యోగుల దగ్గర చేబదులు తీసుకుంటాడు, తరువాత ఖాతాదారుల దగ్గర, ఆ తరువాత క్యాష్ కౌంటరు దగ్గర. మొదటి మెట్టులోనే తెలుసుకుంటే మనిషినీ కాపాడవచ్చు, నగదునూ కాపాడవచ్చు. అతన్ని పక్కకు పిలిచి మాట్లాడండి, నగదు పని నుంచి తప్పించండి, అప్పుల విషయంలో సలహా ఇప్పించండి. ఖాతాదారు దగ్గర అప్పు తీసుకున్నట్టు తేలితే మాత్రం అది సలహాతో ముగించే విషయం కాదు, పైకి తెలపవలసిందే.

ఫిర్యాదు, పొరపాటు, శిక్ష

శాఖలో చెప్పుకోలేని విషయం బయట చెప్పుకునే దారి ప్రతి ఉద్యోగికీ తెలియాలి. ప్రభుత్వ రంగ బ్యాంకుల ఉద్యోగులు 2004 నాటి ప్రభుత్వ తీర్మానం కింద కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు రాయవచ్చు; పేరు లేని ఉత్తరాలు తీసుకోరు, పేరు ఇచ్చినవారి వివరాలు గోప్యంగా ఉంచుతారు. ప్రైవేటు, విదేశీ బ్యాంకుల కోసం రిజర్వు బ్యాంకు 2007లో ఇటువంటి పథకమే పెట్టింది. ఎవరు ఫిర్యాదు చేశారో కనిపెట్టడానికి మేనేజరు ఒక్కసారి ప్రయత్నించినా చాలు, ఆ శాఖలో ఆ దారి శాశ్వతంగా మూసుకుపోతుంది.

పొరపాటును, అడ్డదారిని, మోసాన్ని ఒకే గాటన కట్టకండి. అలసటలో ఒక సున్నా ఎక్కువ వేసి అరగంటలో తానే వచ్చి చెప్పిన టెల్లరుకు మెమో ఇస్తే, మరుసటిసారి ఎవరూ చెప్పరు. అతనితో లోపం సరిచేయించి, చెప్పినందుకు మెచ్చుకోండి. తెలిసి నియమం దాటినవారికి, లాభం వచ్చినా సరే, మూల్యాంకనంలో మార్కులు తగ్గాలి. లాభం తెచ్చిన ఉల్లంఘనను వదిలేసి నష్టం తెచ్చినదాన్ని మాత్రమే శిక్షించడమే అన్నిటికంటే ప్రమాదకరమైన పద్ధతి. 1995లో బ్రిటన్‌కు చెందిన బేరింగ్స్ బ్యాంకు 82.7 కోట్ల పౌండ్ల నష్టంతో కూలిపోయింది. సింగపూర్‌లో ఒకే వ్యక్తి వ్యాపారమూ చేసి, దాని లెక్కలూ తానే చూశాడు. ఆ రెండింటినీ విడదీయాలని అంతర్గత ఆడిట్ అంతకు ముందు ఏడాదే చెప్పినా, అతను లాభాలు తెస్తున్నాడన్న నమ్మకంతో పైవారు పట్టించుకోలేదు.

ఇక మోసం అని ముద్ర వేసే ముందు అవతలివారి మాట వినాలి. రుణగ్రహీతల ఖాతాల విషయంలో సుప్రీంకోర్టు 2023 మార్చిలో ఇదే చెప్పింది. 2024 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన మాస్టర్ ఆదేశాలు షోకాజ్ నోటీసుకు జవాబివ్వడానికి 21 రోజులకు తక్కువ కాకుండా గడువు ఇవ్వాలన్నాయి. ఉద్యోగి మీద విచారణలోనూ అదే ఓపిక చూపండి. తొందరపడి చిన్న గుమాస్తాను సస్పెండు చేసి ఫైలు మూసేస్తే, అతనికి పాస్‌వర్డు ఇచ్చిన అధికారి అదే కుర్చీలో మిగిలిపోతాడు.

మూడు నెలలకు ఒకసారి ఒక్క పేజీ రాయండి. అందులో ఉద్యోగులు తామే వచ్చి చెప్పిన పొరపాట్లు, వెనక్కి వచ్చిన పాలసీలు, 13వ నెల శాతం, మళ్లీ తూచిన ప్యాకెట్లలో కనిపించిన తేడా, సెలవు కాలంలో కొత్తవారు అడిగిన ప్రశ్నల సంఖ్య ఉంటే చాలు. తామే చెప్పిన పొరపాట్ల గడిలో వరుసగా రెండుసార్లు సున్నా వస్తే సంతోషించకండి. మర్నాడు సాయంత్రం ఐదున్నరకు కౌంటరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి.